‘రిటర్నల్’ ఆట సంసారచక్రమేనా?



వేదాంతచర్చకు ఉద్దేశించిన ఈ పుటలలో వీడియో గేమ్ ప్రస్తావన రావడం కొందరు పెద్దలకు రుచించకపోవచ్చు. నాకూ మొదట రుచించలేదు. అయితే కొన్ని మాసాలుగా మన సత్సంగానికి వచ్చే యువకుల నోట ఒకే ఆట పేరు పదేపదే వినవస్తోంది. “పాశ్చాత్యులు కూడా చివరికి మన పునర్జన్మ సిద్ధాంతానికే వచ్చారు, చూడండి గురువుగారూ” అని ఒకరు. “ఇందులో మాయ ఉంది, కర్మ ఉంది, సంసారచక్రం ఉంది” అని మరొకరు. ఇంతలో దూరదేశంలో చదువుకుంటున్న ఒక సాధకుని నుండి దీర్ఘమైన లేఖ వచ్చింది. “ఈ ఆటలో చూపినది సంసారమే అయితే, దాని నుండి బయటపడే దారి అందులో ఎందుకు లేదు? అసలు దారి లేదేమో” అని అతడు వ్రాశాడు. ఆ వాక్యం వెనుక మరొక విషయం ఉంది. దానిని తగినచోట చెబుతాను. ముందు ఆ వాక్యమే నన్ను ఈ ఆట దగ్గర కూర్చోబెట్టింది.

ఆట పేరు ‘రిటర్నల్’. ఫిన్లాండు రాజధాని హెల్సింకిలోని హౌస్‌మార్క్ సంస్థ నిర్మించింది. 2021 ఏప్రిల్ 30న ప్లేస్టేషన్ 5 యంత్రానికి, 2023 ఫిబ్రవరిలో కంప్యూటర్లకు విడుదలైంది. దర్శకుడు హ్యారీ క్రూగర్. కథాంశపు బాధ్యత గ్రెగరీ లౌడెన్‌ది. 2022లో బాఫ్టా పురస్కారాలలో ఉత్తమ క్రీడగా ఎన్నికైంది. నాయికకు గాత్రమిచ్చిన జేన్ పెర్రీకి కూడా పురస్కారం లభించింది.

సెలీన్ వాసోస్ అనే అంతరిక్షయాత్రికురాలు ‘వైట్ షాడో’ అనే సంకేతధ్వనిని వెంబడించి, పైవారి ఆజ్ఞను ధిక్కరించి, అట్రోపోస్ అనే గ్రహంపై నౌకతో సహా కూలిపోతుంది. నాలుగు అడుగులు వేయగానే ఒక శవం కనిపిస్తుంది. ఆ కవచం తనదే. ఆ శవం తనదే. దాని పక్కన దొరికిన ధ్వనిముద్రికలో మాట్లాడుతున్న గొంతు తనదే, కాని ఆ మాటలు తాను పలికినట్లు ఆమెకు స్మరణ లేదు. అక్కడి భయంకర జంతువుల చేతిలో మరణించిన ప్రతిసారీ నౌక కూలిన క్షణానికే తిరిగివచ్చి కన్ను తెరుస్తుంది. మార్గాలు మాత్రం ప్రతి మరణంతో మారిపోతాయి. ఆ పరగ్రహపు అరణ్యమధ్యంలో ఇరవయ్యవ శతాబ్దపు ఇల్లు ఒకటి నిలిచి ఉంటుంది. అది ఆమె ఇల్లే.

గ్రీకు పురాణంలో ఆయుస్సూత్రాన్ని తెంచే విధిదేవత పేరు అట్రోపోస్. ‘మరలింపరానిది’ అని ఆ పదానికి అర్థం. సెలీన్ అంటే చంద్రదేవత. ఆమె నౌక పేరు హీలియోస్, అంటే సూర్యుడు. పేర్లు పెట్టినవారు ఊరక పెట్టలేదు.

నేను ఈ ఆట ఆడలేదు, చూశాను. ఒక్కసారి ఆ కంట్రోలర్ చేతికి తీసుకొంటే సెలీన్ గోడవైపు తిరిగి నిలబడి అక్కడే ప్రాణం విడిచింది. అప్పటి నుండి మా మేనల్లుడు ఆడుతుంటే పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాను. కనుక చేతివేళ్ల నైపుణ్యానికి సంబంధించిన గుణదోషాలు నా పరిధిలోవి కావు. విమర్శకులు ఏమన్నారో చదివాను, ఆట ఏమి చెబుతున్నదో చూశాను. ఆ మేరకే ఈ మాటలు.

సమీక్షకులు ఈ ఆటను మెచ్చుకొన్నదే ఎక్కువ. తప్పు పట్టినచోట దాదాపు అందరిదీ ఒకే మాట: ఆడిన మేరకు భద్రపరచుకొని, మధ్యలో లేచి వెళ్లే సదుపాయం లేదు. ఆటలో ఒక జన్మకు ‘సైకిల్’ అని పేరు. అది రెండు గంటలైనా, అంతకు మించైనా సాగవచ్చు. యంత్రం ఆగిపోతే అంతవరకు సాధించినది సున్న. డెబ్బై డాలర్ల వస్తువు మనిషి నిద్రాహారాలను గౌరవించవద్దా అని అడిగారు. అదే సంవత్సరం అక్టోబరులో నిర్మాతలు దిగివచ్చి, చక్రాన్ని తాత్కాలికంగా నిలిపి ఉంచే ఏర్పాటు చేశారు.

ఈ ఫిర్యాదు అల్పమైనదని నేను మొదట అనుకొన్నాను. ఒక సాయంకాలం మావాడు గంటన్నర శ్రమించి మంచి ఆయుధం సంపాదించి, మూడవ ప్రదేశం చివరికి చేరాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆపి ఉంచే సదుపాయం వచ్చి ఉండవచ్చు, కరెంటు మాత్రం చెప్పి పోదు కదా. చీకటిలో వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మావయ్యా, నేను చేసిన తప్పేముంది ఇందులో?” అన్నాడు. పిల్లవాడు తెలియకుండానే దర్శనశాస్త్రాల మూలప్రశ్న ఒకటి అడిగాడని నాకప్పుడు తట్టింది.

చేసినదాని ఫలం అందకుండా పోవడం కృతవిప్రణాశం. చేయనిదాని ఫలం వచ్చి మీద పడటం అకృతాభ్యాగమం. జన్మాంతరాన్ని అంగీకరించనివారి వాదంపై మన దార్శనికులు మోపే దోషాలు ఈ రెండు. కర్మసిద్ధాంతం నిలబడి ఉన్నదే ఈ రెండింటినీ నిరాకరించి. ‘రిటర్నల్’లో రెండూ నిత్యకృత్యాలు. మరణంతో ఆయుధాలు పోతాయి, కూడబెట్టిన ద్రవ్యం పోతుంది. ఖడ్గం వంటి కొన్ని శాశ్వత సాధనాలు, ఈథర్ అనే పదార్థం మాత్రం వెంట వస్తాయి. వాటిని వాసనలతో పోల్చవచ్చునని మన యువకులు ఉత్సాహపడతారు. పోల్చవచ్చు. కాని తరువాతి జన్మలో ఏ గది ముందు వస్తుంది, ఏ పెట్టెలో ఏ ఆయుధం ఉంటుంది అన్నది పాచికల వరుస. గత జన్మలో సెలీన్ ఎంత ధైర్యంగా, ఎంత జాగ్రత్తగా ప్రవర్తించినా ఆ పాచికలకు పట్టదు.

ఈశ్వరునికి పక్షపాతం, క్రూరత్వం ఉన్నాయా అనే ఆక్షేపాన్ని బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో వైషమ్యనైర్ఘృణ్యాధికరణం విచారిస్తుంది. అక్కడ శంకరభగవత్పాదులు చెప్పిన ఉపమానం మనందరికీ పరిచితం. వర్షం వరికీ యవలకూ సమానంగానే కురుస్తుంది. మొలిచేదానిలో భేదం విత్తనం వలన. ఈశ్వరుడు వర్షం వంటివాడు. ఈ ఆటలో విత్తనం లేదు. అందువల్ల “ఇది మన కర్మే” అనేవారితో నేను ఏకీభవించలేను. అలసిన సమీక్షకుడు “ఇది అన్యాయం” అన్నప్పుడు, అతడెరుగకుండానే మన మతం పలికాడు. మనవారు మాత్రం ఆ అన్యాయాన్నే మన సిద్ధాంతమని చూపించి మురిసిపోతున్నారు. మురిపెం సరే, నష్టం ఎవరికి? కర్మ అంటే కారణం లేని శిక్ష అని వారి పక్కనున్న మరో పదిమంది గ్రహిస్తారు.

ఇక రెండవ విమర్శ. ఇది నాకు మరింత విలువైనదిగా తోచింది. ‘రిటర్నల్’ను కాస్మిక్ హారర్ అనే కోవలో చేరుస్తారు. ఆ సంప్రదాయానికి పెద్ద అమెరికా రచయిత హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ (1890–1937). ఆయన కల్పనలలో భయానికి మూలం దయ్యం కాదు, పాపం కాదు. విశ్వం అపారం, ప్రాచీనం. మనిషి ఉన్నాడని కూడా దానికి తెలియదు. ఆ సంగతి తెలుసుకొన్న మనస్సు చెదిరిపోతుంది. ఈ కొలబద్దతో చూసిన కొందరు, ‘రిటర్నల్’ నిజమైన కాస్మిక్ హారర్ కాదు, ఒక స్త్రీ అంతర్వేదనకు తొడిగిన అంతరిక్షవేషం మాత్రమే అన్నారు. పరగ్రహం మధ్యలో ఆమె సొంత ఇల్లు ఎందుకుంటుంది? ఆ విశ్వం ఆమెను ఎరుగదు అనడానికి వీలులేదు. మరీ ఎక్కువగా ఎరుగును.

వారు దీనిని లోపంగా చెప్పారు. నాకు ఇదే ఈ ఆటలోని గుణం. బయటి వైశాల్యాన్ని చూసి బెదరడం మన సంప్రదాయానికి తెలియనిది కాదు. గీత పదకొండవ అధ్యాయంలో అర్జునుడు వణికిపోయాడు. కాలస్వరూపుని వదనాలలోకి యోధులు దూసుకుపోయి దంతాల నడుమ నలిగిపోవడం చూసి, ఈ రూపం చాలు, పూర్వరూపమే చూపించమని ప్రార్థించాడు. మనవారిలో కొందరు “హిందువుకు విశ్వం చూస్తే భయం లేదు” అని తేలికగా అనేస్తారు. భయం ఉంది, పరమ భక్తునికే కలిగింది. కాని అర్జునుని భయం చివరికి ఒక సంబంధంగా పరిణమించింది. ఇంతకాలం సఖుడని చొరవగా పిలిచినవాడు ఎవరో తెలిసి, తండ్రి కొడుకును మన్నించినట్లు మన్నించమని వేడుకొన్నాడు. భయపెట్టినవాడే పలకరించాడు. లవ్‌క్రాఫ్ట్ విశ్వంలో పలకరించేవాడు లేడు.

సెలీన్ స్థితి ఈ రెండింటికీ భిన్నం. ఆమెకు ఎదురయ్యేది విశ్వం కాదు, తానే. ఆ ప్రథమ శవదృశ్యం చూడగానే బ్రహ్మవైవర్త పురాణంలోని ఇంద్రుని కథ స్ఫురించింది. విశ్వకర్మ చేత ఎంత గొప్ప భవనం కట్టించినా తృప్తిలేని ఇంద్రుని సభకు బ్రాహ్మణబాలుని రూపంలో విష్ణువు వచ్చి, నేలమీద బారులు తీరిన చీమలను చూసి నవ్వాడు. ఎందుకు నవ్వావని అడిగితే, ఈ చీమల్లో ప్రతిదీ ఒకప్పటి ఇంద్రుడే అన్నాడు. ఆలోచించండి: తన సింహాసనం ముందు తన శవాల ఊరేగింపు! ఏ హారర్ రచయితా ఇంతకు మించిన దృశ్యం కల్పించలేదు. కాని కథ భయంతో ముగియదు. ఇంద్రునికి గర్వం జారిపోయింది, అతివైరాగ్యం పుట్టింది, అడవికి పోతానన్నాడు. అప్పుడు శచీదేవి మొర విని బృహస్పతి అతనిని తిరిగి స్వధర్మంలో నిలబెట్టాడు. భవనం మాత్రం మరి పెంచలేదు.

‘రిటర్నల్’లో ఇంకొక విశేషం ఉంది. అంతర్జాలానికి అనుసంధానమై ఆడితే, ప్రపంచంలో ఇతరుల ఆటలలో చనిపోయిన సెలీన్లు కూడా మన దారిలో శవాలై కనిపిస్తారు. దగ్గరకు పోతే రెండు మార్గాలు: ఆ మరణానికి ప్రతీకారం తీర్చుకోవచ్చు, లేదా శవం వద్ద ఉన్నది తీసుకోవచ్చు. ఇంద్రుని చీమల బారు ఇదే. అయితే చీమలను చూసిన ఇంద్రుడు వినమ్రుడయ్యాడు; ఇక్కడ శవాన్ని చూస్తే చేయదగినవి పగ, దోపిడి. మూడవది లేదు. ఆగి, “ఇది నేనే అయితే, నేనెవరిని?” అని అడిగేందుకు ఆ యంత్రంలో మీట లేదు.

ఈ ప్రశ్న అడిగినవాడు ఒకడు బృహదారణ్యకంలో ఉన్నాడు. సృష్ట్యాదిలో ఆ పురుషుడు ఒక్కడే ఉన్నాడు. చుట్టూ చూస్తే తాను తప్ప మరేమీ లేదు. ఉపనిషత్తు ఇక్కడ ఎంత నిజాయితీగా ఉందో గమనించండి: అతడు భయపడ్డాడు అని చెబుతుంది. అందుకే నేటికీ ఏకాకి భయపడతాడు అని కూడా చెబుతుంది. పిమ్మట అతడు ఆలోచించాడు: నాకంటె అన్యమే లేనప్పుడు దేనికి భయపడుతున్నాను? భయం తొలగింది. రెండవది ఉంటేనే భయమని శ్రుతి నిర్ణయం. అట్రోపోస్‌పై సెలీన్ కూడా ఒంటరి. ఆమె కూడా చుట్టూ చూస్తే తనను తప్ప మరెవరినీ చూడదు: తన శవం, తన గొంతు, తన ఇల్లు. అభయానికి కావలసిన సామగ్రి అంతా అక్కడే ఉంది. ఆమె మాత్రం వాటన్నిటినీ రెండవదిగా చూస్తుంది. కాల్చవలసినదిగా చూస్తుంది.

ఆట నడుమ వచ్చే ఒక ఘట్టాన్ని మాత్రం మెచ్చుకోకుండా ఉండలేను. కథ తెలియకుండా ఆడదలచినవారు ఈ పేరా దాటిపోవచ్చు. మూడవ ప్రదేశపు అధిదేవత వంటి నెమెసిస్‌ను జయించాక సెలీన్‌కు నిజంగానే విముక్తి లభిస్తుంది. భూమికి తిరిగి వస్తుంది. దశాబ్దాలు జీవిస్తుంది. వృద్ధాప్యంలో మరణిస్తుంది, అంత్యక్రియలు జరుగుతాయి. ఆ పైన కన్ను తెరిస్తే మళ్లీ అట్రోపోస్, మళ్లీ కూలిన నౌక. మావాడు కంట్రోలర్ కింద పెట్టేశాడు. పుణ్యం తరిగిన తరువాత స్వర్గం నుండి మర్త్యలోకానికి రాక తప్పదని గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయంలో చెప్పినది ఎన్నిసార్లు ప్రవచనం చేశానో, ఆ సాయంకాలం ఆ గదిలో ఉన్నంత నిశ్శబ్దం నా శ్రోతలలో ఎన్నడూ చూడలేదు. స్థలాంతరం మోక్షం కాదన్న విషయాన్ని ఈ ఘట్టం ఉపదేశం లేకుండా అనుభవానికి తెచ్చింది. దీనికి నమస్కారం చేయవచ్చు.

ఇప్పుడు ఆ లేఖ సంగతి.

ఆటలో అన్ని చిక్కులకూ మూలంగా ఒక రాత్రి కనిపిస్తుంది. వంతెన మీద కారు, వెనుక సీటులో బాలుడు, దారికడ్డంగా అంతరిక్షయాత్రికుని ఆకారం, నీటిలో మునిగిపోతున్న వాహనం. నడిపినది సెలీనా, ఆమె తల్లియా, ఎంత నిజం, ఎంత కల అన్నది నిర్మాతలు తేల్చలేదు. ఆరు ప్రదేశాలలో దాగిన ఆరు సూర్యముఖ శకలాలు ఏరుకొన్నా పూర్తిగా తేలదు. ముగింపు అస్పష్టమని కొందరు సమీక్షకులు విసుగు చెందారు. అస్పష్టతే అందమని మరికొందరు వాదించారు. నాకు లేఖ వ్రాసిన యువకుడు ఈ వాదంలో ఏ పక్షమూ కాదు. మూడేళ్ల క్రితం అతడు నడుపుతున్న బండి మీద వెనుక కూర్చున్న స్నేహితుడు చనిపోయాడు. ఊరు, పేరు చెప్పను. అతడు ఈ ఆటను ముగించి, మళ్లీ మొదలుపెట్టి, ఎన్నిసార్లు ఆడాడో లెక్క లేదట. ప్రతిసారీ ఆ వంతెన వరకు పోవడం, మళ్లీ మొదటికి రావడం. “ఇది నా కథ అని తెలుస్తూనే ఉంది. నా కర్మ ఇలా తిరుగుతూనే ఉంటుందా?” అని వ్రాశాడు. అందుకే ఈ ఆట సంసారచక్రమా కాదా అన్నది అతని విషయంలో సత్సంగపు కాలక్షేపం కాదు.

అతనికి నేను వ్రాసినదానిలో ఎక్కువ భాగం భాగవతం పంచమస్కంధంలోని భరతుని కథే. (తెలుగు భాగవతంలో ఈ స్కంధం పోతనగారిది కాదు, గంగనగారిది, చాలామంది పోతన పద్యాలనే చెప్పుకొంటారు.) రాజ్యం విడిచి గండకీ తీరంలో తపస్సు చేసుకొంటున్న భరతుడు నది ఒడ్డున కూర్చొని ఉండగా, నిండుచూలాలైన ఒక లేడి నీరు త్రాగవచ్చింది. సింహగర్జన విని బెదరి నది దాటబోయి దూకింది. గర్భం జారి పిల్ల నీటిలో పడింది. తల్లి ఆవలి ఒడ్డున ప్రాణం విడిచింది. నీటిలో కొట్టుకుపోతున్న ఆ పిల్లను భరతుడు ఎత్తుకొన్నాడు. ఇక్కడ తప్పు లేదు, ఎత్తుకోకుంటే తప్పు. తరువాత దానికి గడ్డి వేయడం, నిమరడం, అది కనబడకుంటే తల్లడిల్లడం మొదలై, నియమాలు ఒక్కొక్కటే సడలి, చివరికి దానినే తలచుకొంటూ దేహం విడిచి జింకగా పుట్టాడు. ఆ జింకకు పూర్వస్మృతి మిగిలింది.

ఈ చోటే కథకు ఆయువుపట్టు అని నా అభిప్రాయం. సెలీన్‌కూ స్మృతి ఉంది, భరతమృగానికీ స్మృతి ఉంది. ఇద్దరికీ పశ్చాత్తాపం ఉంది. ఇద్దరి కథలోనూ నీరు, నీటిలో ఒక పసిప్రాణం. ఇక్కడ నుండి ఇద్దరూ విడిపోతారు. జింక అయిన భరతుడు తనను నిందించుకొన్నాడు, నిజమే. భాగవతం ఆ శోకాన్ని దాచలేదు. కాని శోకించి అక్కడే తిరుగుతూ ఉండలేదు. కన్నతల్లి లేడిని, తాను పుట్టిన కాలంజర పర్వతాన్ని విడిచి, పూర్వం తపస్సు చేసిన పులహాశ్రమానికి నడిచి వచ్చాడు. ఎండుటాకులు మేస్తూ, ఎవరితోనూ సంగం పెట్టుకోకుండా, ఆ శరీరానికి కారణమైన కర్మ తీరేదాకా వేచి ఉన్నాడు. చివరికి తీర్థజలంలో నానిన దేహంతో ప్రాణం విడిచాడు. నీటి ఒడ్డున మొదలైన మోహం నీటిలోనే తీరింది. ఎన్ని జన్మలు పట్టింది? ఆ ఒక్క జింక జన్మ. ఆ తరువాత బ్రాహ్మణ జన్మ, అదే చివరిది. లెక్క ఉంది.

లెక్క ఉండటమన్నది చిన్న విషయం కాదు. మన ధర్మశాస్త్రాలు ప్రాయశ్చిత్తాలను ఎంత గణితంగా చెప్పాయో చూసి ఆధునికులు నవ్వుతారు. ప్రాజాపత్య కృచ్ఛ్రం పన్నెండు రోజులు: మూడు రోజులు ఉదయం మాత్రమే భోజనం, మూడు రోజులు రాత్రి మాత్రమే, మూడు రోజులు అడగకుండా వచ్చినది, మూడు రోజులు ఉపవాసం. పదమూడవ రోజు ఉంది. ఒక ప్రాణం పోయిన దుఃఖం పన్నెండు రోజులలో తీరుతుందని నేను అనడం లేదు. ఆ యువకునికీ అలా వ్రాయలేదు. కాని అనుతాపానికి అంతం లేకపోవడాన్ని శాస్త్రం అంగీకరించదు. అంతులేని అనుతాపం కూడా ఒక సంగమే. జింకపిల్ల స్థానంలో తన అపరాధాన్ని పెట్టుకొని నిమరడం. ‘రిటర్నల్’ చూపించేది ఈ నిమరడాన్ని. చాలా నిజాయితీగా, చాలా అందంగా చూపిస్తుంది, అందుకే ప్రమాదం. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఆడి మరచిపోతాడు. గాయపడినవాడు అందులో తన అద్దం చూసుకొంటాడు. ఆ అద్దానికి తలుపు లేదు.

కనుక సమీక్షకులు “ముగింపు తేలలేదు” అన్నది కథనశిల్పం దృష్టితో కావచ్చు. నేను ఒప్పుకోవడం మరొక దృష్టితో. ఎవరు కారు నడిపారో తేలనవసరం లేదు. భరతుని కథలోనూ ఆ సింహం ఎందుకు గర్జించిందో ఎవరూ చెప్పలేదు. తేలవలసినది, తెలిసిన తరువాత ఎటు నడవాలన్నది. సెలీన్‌కు నడక లేదు, పరుగు ఉంది. ఆమె ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగదు. ఆ గ్రహంపై గురువు లేడు, వృద్ధుడు లేడు, కనీసం బాటసారి లేడు. గురువు లేని సంసారాన్ని చిత్రించినవారు మన సిద్ధాంతాన్ని చిత్రించినట్లు కాదు. మన గ్రంథాలలో సంసారవర్ణన ఎంత భయంకరంగా ఉన్నా అది ఎవరో ఒకరు మరొకరికి చెబుతున్నదే: శుకుడు పరీక్షిత్తుకు, యముడు నచికేతునికి. వినేవాడు ఉన్నాడంటేనే దారి ఉన్నట్లు.

ఈ ఆట ఆడి వైరాగ్యం కలిగిందని చెప్పే మిత్రులకు ఒక్క మాట. శ్మశానవైరాగ్యం, పురాణవైరాగ్యం, ప్రసూతివైరాగ్యం అని మన పెద్దలు మూడు చెప్పారు. మూడూ ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కొనేవరకే. నాలుగవది కంట్రోలర్ వైరాగ్యం అనుకోవచ్చు. దానిని నిందించను. నచికేతునికి తండ్రి కోపంలో అన్న మాటే ద్వారమైంది. కాని భయం ద్వారం దగ్గర ఆగిపోతే, అది మరొక రుచి అవుతుంది, అంతే. పులుపు, కారం వలె మళ్లీ కావాలనిపిస్తుంది. ఈ కోవ ఆటలు ఏటేటా అమ్ముడుపోవడంలోని రహస్యం అదే.

ఆ యువకునికి ఇంకా మూడు సంగతులు వ్రాశాను. ఒకటి, కొన్నాళ్లు ఆ ఆట ముట్టవద్దని. రెండు, నిద్ర పట్టడం లేదన్నావు కనుక వైద్యుని కలవమని. మనోవ్యాధికి వైద్యుని వద్దకు పోవడం సాధనకు విరోధమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. మూడు, సెలవులకు వచ్చినప్పుడు ఆ స్నేహితుని తల్లిగారి ఇంటికి పొమ్మని. మూడేళ్లుగా పోలేదట. ఏమి మాట్లాడాలో తెలియదన్నాడు. మాట్లాడవద్దు, కూర్చో అన్నాను. సంక్రాంతికి వస్తానని జవాబు వచ్చింది. మూడవదాని గురించి ఏమీ వ్రాయలేదు.

మా మేనల్లుడికి ఇంకా ఆరవ సూర్యశకలం దొరకలేదు. వెదుకుతూనే, “తరువాత ఆ జింక ఏమైంది మావయ్యా?” అని అడుగుతుంటాడు. కథ రహూగణ మహారాజు పల్లకి దగ్గరికి వచ్చింది. బోయీలలో ఒకడిగా పట్టుబడిన జడభరతుడు ముందున్న నేలను బాణమంత దూరం చూసుకొంటూ, చీమలు కాలికింద పడకుండా తప్పించి అడుగు వేస్తుంటాడు. పల్లకి కుదుపుకు గురవుతోంది. లోపలి నుండి రాజు కోపగించుకొంటున్నాడు. “ఎవరి చీమలు అవి, ఇంద్రుడివా?” అన్నాడు మావాడు, తెరమీద నుండి కళ్లు తిప్పకుండానే.